కజితానీ కొన్న ఖడ్గం

మా తకెహర ఊళ్లో రేవుకు వెళ్లే వీధి మలుపులో కజితానీ షిగెటో సెలూన్ ఉంది. దానికి ఎదురుగా నా సైకిల్ రిపేరు షాపు. పెళ్లి కాకముందు నుంచీ నా జుట్టూ గడ్డమూ అతని చేతిలోనే ఉన్నాయి. కుర్చీలో వెనక్కి వాలి, ముఖం మీద వేడి తువ్వాలు వేయించుకుంటే ఎంతటివాడికైనా కునుకు పట్టేది. కత్తి చెంప మీద నడుస్తున్నట్టే తెలిసేది కాదు. పక్క ఊళ్లలో బోలెడు సెలూన్లున్నా, వాటిని దాటుకుని ఇతని దగ్గరికి గడ్డం గీయించుకోవడానికే వచ్చేవాళ్లుండేవారు.

మనిషి మాత్రం ప్రతిదానికీ బెంగ పడే రకం. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చేవాడు. గాలివాన కబురు రేడియోలో రాకముందే షాపు ముందు సెలూన్ గుర్తుగా తిరిగే చారల స్తంభానికి తాడు కట్టేవాడు. "మా ఆయనకి బెంగ పెట్టుకోడానికి ఏమీ దొరకలేదనుకో, ఎందుకు దొరకలేదా అని బెంగ పెట్టుకుంటారు" అని అతని భార్య ఇకుయో నా భార్యతో అంటూ ఉండేది. ఆమె కూడా అతనిలాగే పరీక్ష రాసి క్షౌరం పనికి లైసెన్సు తెచ్చుకున్న మనిషి. అయినా జుట్టు ఊడ్చడం, తువ్వాళ్లు ఉతకడం, తలలు కడగడం వరకే ఆమె పని. కత్తి ఆమె చేతికి ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. "నాకే సరిపోతుంది, నీకెందుకు శ్రమ" అనేవాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో సగం తర్వాత అతనే చెప్పాడు, మిగతా సగం ఇకుయో నా భార్యకు చెప్పింది. నేను కళ్లారా చూసింది కొంచెమే.

ఆ ఏడు, ఎండాకాలానికి ముందు వచ్చే వానలు పట్టిన రోజుల్లో ఒక ఉదయం కజితానీ టీ కప్పు ఎత్తితే టీ మీద సన్నటి అలలు లేచాయి. భూకంపమేమోనని తల ఎత్తి దీపం వైపు చూశాడు. దీపం కదలడం లేదు. కప్పు కింద పెట్టి చేతిని ఒళ్లో పెట్టుకుంటే చెయ్యి నిమ్మళంగా ఉంది. మళ్లీ ఎత్తితే మళ్లీ అలలు. ఆ రోజంతా కత్తెర పట్టుకున్నప్పుడల్లా తన వేళ్లనే చూసుకున్నాడు. కత్తెరతో పెద్దగా తెలియలేదు కానీ కత్తి పట్టుకుంటే మాత్రం చివర్లో చిన్న అదురు కనిపించింది.

అతని మేనమామ ఒకాయన వణుకుడు జబ్బుతోనే మంచాన పడి చనిపోయాడు. చివరికి గంజి కూడా ఎవరో ఒకరు నోట్లో పోయాల్సి వచ్చింది. కజితానీ చిన్నప్పుడు ఆ ఇంటికి వెళ్లాలంటేనే ఏడ్చేవాడట. తనకు వచ్చింది కూడా అదేనని ఆ ఉదయమే తీర్మానించేసుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాటే చెబుతాడు, చెప్పించుకోకపోతే ఇంకొన్నాళ్లు గడుస్తుంది. ఇదీ అతని లెక్క. ఇకుయోకి కూడా చెప్పలేదు. చిటికెన వేలు కస్టమరు చెంపకు ఆనించి కత్తి నడపడం మొదలుపెట్టాడు. కాఫీ మానేశాడు. ఎవరైనా తన చేతి వైపు చూస్తున్నారనిపిస్తే, గల్లా సొరుగు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు నటించేవాడు.

ఎండాకాలం ముదిరాక చేపల కొట్టు ముకాయ్ చెవి తెగింది. పెద్ద గాయమేమీ కాదు, చెవి అంచున చిన్న గాటు. రక్తం మాత్రం మెడ మీదుగా చొక్కా కాలరు దాకా కారింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, నా వంతు కోసం పాత పత్రిక తిరగేస్తూ.

"ఏంటయ్యా, నన్ను కూడా చేపలా కోసేస్తున్నావు? రేపట్నుంచి నా కొట్లో పనికొచ్చేయ్!" అన్నాడు ముకాయ్, తువ్వాలుతో చెవి అదుముకుంటూ.

మేమంతా నవ్వాం. కజితానీ నవ్వలేదు. అతని ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. క్షమించమని ఎన్నిసార్లు వంగి చెప్పాడో చెప్పలేను. చివరికి ముకాయే విసుక్కుని, "చాల్లేవయ్యా, నీ నడుం పట్టేస్తుంది" అన్నాడు.

ఆ తర్వాత గడ్డం గీయడం తగ్గించేశాడు. ఒకరికి చర్మం ఎండిపోయిందని, ఇంకొకరికి వేసవి పొక్కులున్నాయని ఏదో ఒకటి చెప్పేవాడు. నాకైతే, "ఈసారికి వద్దులెండి, కత్తులు సానకిచ్చాను" అన్నాడు. ఆ పక్కనే అరలో కత్తులు కనిపిస్తూనే ఉన్నాయి. నా మీద ఏదో కోపం వచ్చిందనుకుని నేనూ కొంచెం ముభావంగా ఉన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఇకుయోకి మాత్రం నిద్ర పట్టడం మానేసింది. పక్కనున్న మనిషి నిద్రపోకుండా నిద్ర నటిస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. తిండి తగ్గించాడు. మాట తగ్గించాడు. మా వైపు సోమవారాలు సెలూన్లకు సెలవు. ఆ రోజు మూసిన షాపులో ఒక్కడే కుర్చీలో కూర్చుని గోడ వైపు చూస్తూ ఉండేవాడు. ఏమయిందని అడిగితే, "ఏముంది, వయసు" అనేవాడు.

ఆకులు పండే కాలం మొదలైంది. ఒక సాయంత్రం కాల్చిన చేపా అన్నమూ ముందు పెట్టుకుని అతను ఉన్నట్టుండి అన్నాడు: "ఇకుయో, మంగళవారం షాపు మూసేసి ఒకాయామా వెళ్లొద్దామా?"

"మంగళవారమా? ఎందుకండీ?"

"ఖడ్గం ఒకటి కొనాలనుంది. పాతకాలంది."

ఆమె చేతిలో అన్నం తినే పుల్లలు గాలిలోనే ఆగిపోయాయి.

నిజానికి ఆ కోరిక కొత్తదేమీ కాదు. పని నేర్చుకునే రోజుల్లో అతని గురువు ఒకసారి గుడి ఉత్సవంలో ప్రదర్శనకు పెట్టిన ఖడ్గాన్ని చూపించడానికి తీసుకెళ్లాడు. 'పదునంటే ఏంటో చూడు' అని చెప్పాడట. ఇతనికి పదును కనపడలేదు. అంచు వెంబడి తెల్లగా, తెల్లవారుజామున సముద్రం మీద మంచు పట్టినట్టు ఒక తెర కనపడింది. ఇనుములో మంచు ఎలా వచ్చిందా అని ఆ రాత్రంతా అనుకున్నాడట. అప్పట్నుంచి ఖడ్గాలున్న మ్యూజియాలన్నీ చూడాలని మనసు. అయితే మ్యూజియాలకు కూడా సోమవారమే సెలవు. ఒక్క మంగళవారం షాపు మూస్తే సరిపోయేది. మూస్తే ఆ రోజు వచ్చిన కస్టమరు ఇంకో షాపుకు అలవాటు పడిపోతాడని బెంగ. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఇదంతా ఇకుయోకి తెలుసు. ఆమె అడగాలనుకున్నది ఒక్కటే, ఇప్పుడెందుకని. నెలల తరబడి నోరు విప్పని మనిషి, తిండీ నిద్రా మానుకున్న మనిషి, ఒకనాడు భోజనం దగ్గర ఖడ్గం కావాలంటున్నాడు. ఆమె మనసు ఎక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు. మర్నాడు మా ఇంటి వెనక వాకిట్లో నా భార్యను పట్టుకుని గుసగుసగా చెప్పింది.

"వద్దని చెప్పలేవా వదినా?" అంది నా భార్య.

"వద్దంటే ఒక్కళ్లే వెళ్తారు. పక్కనుంటే కనీసం కనిపెట్టుకుని ఉంటా కదా."

"ఏంటి సంగతని సూటిగా అడిగెయ్యి."

"ఎలా అడగను? ఆ మాట నా నోట్లోంచి వస్తే, ఆయన మనసులో లేకపోయినా వచ్చి కూర్చుంటుందేమో!"

నా భార్య ఆ సంగతి నాకూ చెప్పింది. వెళ్లి అతనితో మాట్లాడాలనుకున్నాను. సెలూన్ తలుపు దాకా వెళ్లి, 'వాతావరణం చల్లబడింది' అని చెప్పి వచ్చేశాను. మగవాళ్లం అంతే.

మంగళవారం పొద్దున్నే రైలెక్కారు. డబ్బు గుడ్డలో చుట్టి ఇకుయో తన నడుముకు కట్టుకుంది. ఒకాయామా మ్యూజియంలో అతను ఒక్కొక్క అద్దం ముందూ మోకాళ్లు వంచి, తల పక్కకు వాల్చి, వెలుతురు పట్టుకుంటూ చూశాడు. ఆమె మాత్రం ఒక్క ఖడ్గం కూడా చూడలేదు, అద్దంలో అతని ముఖమే చూసింది. అంత ప్రశాంతంగా అతన్ని చూసి నెలలైంది. ఆ ప్రశాంతత చూసి ఇంకా భయపడింది.

మధ్యాహ్నం ఊళ్లో ఒక ఖడ్గాల దుకాణానికి వెళ్లారు. అది నడిపేది నంబా అనే పెద్దావిడ. డెబ్బై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మోకాళ్ల దాకా ఏప్రాన్. భర్త పోయాక దుకాణాన్ని తనే చూసుకుంటోంది. దుకాణంలో లవంగ నూనె వాసన నిండి ఉంది. ఖడ్గాలకు తుప్పు పట్టకుండా పూసేది ఆ నూనే.

"మొదటిసారా?" అంది ఆవిడ, ఇద్దరినీ ఎగాదిగా చూసి.

"అవునండీ."

"గడియారం తీసెయ్యండి, ఉంగరం ఉంటే అదీనూ. ఖడ్గం ఒరలోంచి బయట ఉన్నంతసేపూ మాట్లాడకండి, తుంపర పడితే తుప్పు పడుతుంది. వేలితో తాకొద్దు. ముందు దానికి దణ్ణం పెట్టండి, తర్వాత బేరం."

రెండు ఖడ్గాలు తెచ్చి పెట్టింది. ఒకటి, పేరున్న కమ్మరి పిడిలోపలి భాగం మీద తన పేరు చెక్కినది. రెండోది ఎవరు చేశారో తెలియనిది. ఎప్పుడో ఎవరో పిడి వైపు కోసి పొట్టి చేయించుకోవడంతో, పేరుంటే గింటే అది కూడా పోయింది. ఐదారు వందల ఏళ్ల నాటిదని మాత్రం చెప్పింది.

కజితానీ రెండోది తీసుకున్నాడు. తల ఎత్తులో పట్టుకుని వంగి నమస్కరించి, పదునైన వైపు పైకి ఉండేలా పట్టి, మెల్లగా ఒరలోంచి లాగాడు. అంచు వెంట ఆ తెల్లటి తెర కనిపించింది. కనిపించిందో లేదో, కదలడం మొదలుపెట్టింది. గడ్డం కత్తి చివర అదిరేది ఆవగింజంత. ఇక్కడ చేతి నుంచి మొన దాకా రెండు మూరలు. మొన ఈదురు గాలికి గడ్డిపోచ ఊగినట్టు ఊగుతోంది. పైనున్న దీపపు వెలుగు ఖడ్గం మీద పడి, నీళ్ల మీది ఎండ గోడ మీద ఆడినట్టు ఆడుతోంది.

అతను గబగబా ఒరలో పెట్టేద్దామనుకున్నాడు. మొన ఒర మూతికి అందలేదు. టక్, టక్కున అంచుకు తగులుతోంది. ఎంత ఆపుదామనుకుంటే అంత వణుకుతోంది. ఒర పట్టుకున్న ఎడమచేతి వేళ్లు మొనకు దగ్గరలోనే ఉన్నాయి.

"పెట్టొద్దు" అంది నంబా. గొంతు పెంచలేదు. "ఒర వదిలేయండి. పిడి రెండు చేతుల్తో పట్టుకోండి. ఇప్పుడు మెల్లగా ఆ గుడ్డ మీదికి దించండి. ఆ, అంతే."

దించాడు. నంబా దాన్ని తీసుకుని చప్పుడు కాకుండా ఒరలో పెట్టి, "టీ తెస్తాను" అని రెండు ఖడ్గాలూ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లింది.

కజితానీ చెయ్యి తొడ కింద దాచుకున్నాడు. ఇకుయో ఆ తొడ వైపే చూస్తోంది.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఏది అంటారేంటి! ఆ దాచుకున్న చెయ్యి."

అతను నేల చూపులు చూశాడు. "వానల్లో మొదలైంది" అన్నాడు.

టీ తాగినట్టు తాగి, మళ్లీ వస్తామని నంబాకు చెప్పి ఇద్దరూ బయటపడ్డారు. నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. అవతల నల్ల కోట, నీళ్లలో పీచ్ పండు ఆకారంలో కాళ్లతో తొక్కే పడవలు, వాటిలో నవ్వుకుంటున్న జంటలు. అక్కడ అతను అన్నీ చెప్పాడు. టీ కప్పు, ముకాయ్ చెవి, మేనమామ, గంజి.

ఇకుయో విన్నంతసేపూ విని, చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. ఆమె ఏడుపూ నవ్వూ కలిపి ఏదో చేస్తోంది.

"మీరు ఆ ఖడ్గంతో మిమ్మల్ని మీరేదో చేసుకుంటారనుకున్నానండీ" అంది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నేనా?" అన్నాడు. "అంత ధైర్యం నాకెక్కడిది?"

"ధైర్యం అంటారా దాన్ని! ఎన్నాళ్లు చచ్చి బతికానో తెలుసా మీకు? స్నానానికెళ్తే తలుపు బయట నిలబడేదాన్ని, నీళ్ల చప్పుడు వినపడుతోందా లేదా అని."

తన బెంగ తనొక్కడి దగ్గరే ఉందనుకున్నాడు. అది ఇంట్లో ఇంకో మనిషిని అంతకంటే ఎక్కువ తినేస్తోందని అతనికి తోచనే లేదు.

"మరి ఖడ్గం ఎందుకండీ?" అంది ఆమె ముక్కు తుడుచుకుని.

"ఇంకొన్నాళ్లు పోతే పట్టుకోలేనని. ఇప్పుడే పట్టుకోలేకపోయాను. పోనీలే. పద, ఇంటికి పోదాం. డబ్బుంచుకుందాం. కత్తి పట్టుకోలేని వాడికి షాపెందుకు, అమ్మేయాలి."

అప్పుడు ఇకుయోకి నిజంగా కోపం వచ్చింది. బెంచీ మీంచి లేచి నిలబడి మరీ అరిచింది. పడవల్లో జంటలు కూడా తిరిగి చూశారట.

"నాకు లైసెన్సు లేదూ? మీతో పాటే పరీక్ష రాయలేదూ? మీకంటే నాకే మార్కులెక్కువ వచ్చాయి, మర్చిపోయారా? పెళ్లైన దగ్గర్నుంచీ ఊరందరి జుట్టూ ఊడుస్తున్నా. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్క గడ్డం, 'నువ్వు గియ్యి ఇకుయో' అన్నారా? ఇప్పుడు షాపు అమ్మేస్తారట!"

"నీకు శ్రమ అని..."

"శ్రమా? అబద్ధం! భయం. నేను కోస్తానని భయం. చివరికి కోసిందెవరు?"

ఆ మాట అన్నాక ఆమే నాలుక కరుచుకుంది. కానీ అతనికి అది విన్నాక ఎందుకో నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత వచ్చిన నవ్వు అది. అది కూడా సగంలోనే ఆగిపోయింది.

"లేవండి" అంది ఆమె. "వెళ్లి కొందాం."

ఇప్పుడు భయం అతని వంతు. చేతకాని పని, వృథా ఖర్చు, ఇంట్లో ప్రమాదం, తుప్పు అంటూ దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఆమె ముందు నడిచింది.

నంబా మాత్రం సూటిగా, "అమ్మను" అంది.

"తప్పుగా అనుకోకండి. వ్యాపారం వద్దనుకునే దాన్ని కాదు. కానీ దీన్ని నెలకోసారైనా తుడిచి నూనె రాయాలి. ఆ చేత్తో తీస్తే మీ వేళ్లు తెగుతాయి, కాకపోతే దాని మొన విరుగుతుంది. ఏది జరిగినా నాకు నిద్ర పట్టదు. గాజు బొమ్మ ఏదైనా కొనుక్కోండి, పెట్టుకుని చూసుకోవచ్చు."

"నాకు నేర్పండి" అంది ఇకుయో. "తియ్యడం, తుడవడం, పెట్టడం నేను చేస్తాను. చూడ్డం ఆయన చూస్తారు."

నంబా ఆమె చేతుల వైపు చూసింది. వేడినీళ్లలో తువ్వాళ్లు పిండి పిండి ఎర్రబడిన చేతులు. "మీకు ఖడ్గాలంటే ఇష్టమేనా?" అని అడిగింది.

"ఏమాత్రం ఇష్టం లేదండీ. పొద్దుట్నుంచీ ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు."

"మంచిదే. ఇష్టమున్నవాళ్లే అజాగ్రత్తగా ఉంటారు" అని ఆవిడ ఖడ్గం తెచ్చి ముందు పెట్టింది.

ఆ పాఠం సాయంత్రం దాకా సాగింది. ఇకుయో మొదట ఒరతో సహా పట్టుకోవడం నేర్చుకుంది. తర్వాత లాగడం, మెత్తని కాగితంతో పదును లేని వెనక వైపు నుంచి పట్టి పాత నూనె తుడవడం, కొత్త నూనె పలచగా రాయడం. మాట్లాడకూడదు కాబట్టి నంబా కళ్లతో, వేళ్లతో చెబుతోంది. పక్కన కూర్చున్న కజితానీకి చెమటలు పట్టాయి. భార్య వేలు అంచుకు దగ్గరైనప్పుడల్లా తన వేళ్లు ముడుచుకున్నాడు. అడ్డు చెబుదామంటే నోరు తెరవకూడదు. ఇంతకాలం ఆమె చేతులు ఎలా పని చేస్తాయో తను ఎప్పుడూ చూడనే లేదని అప్పుడు గ్రహించానని నాతో అన్నాడు. తొందర లేదు, బింకం లేదు. చివరికి మొనను ఒర మూతికి ఆనించి, జార్చి, లోపల పెట్టింది. చిన్న చప్పుడు కూడా కాలేదు.

తర్వాత నంబా అతని వైపు తిరిగింది. "మీరు దీన్ని చేత్తో పట్టుకునే చూడాలని ఎక్కడా లేదు" అని, ఖడ్గాన్ని మళ్లీ ఒరలోంచి లాగి మెత్తని దిండు మీద ఆనించి, దీపం పక్కకు జరిపి, ఏ వైపునుంచి తల వంచి చూడాలో చూపించింది. అతను చూశాడు. చాలాసేపు చూశాడు. ఇకుయో నడుముకున్న గుడ్డ విప్పింది.

ఖడ్గంతో పాటు దాని రిజిస్ట్రేషన్ కాగితం కూడా ఎప్పుడూ ఉండాలి, లేకపోతే నేరం. ఆ కాగితం సంచిలో పెట్టానని నంబా చూపించి మరీ ఇచ్చింది. అయినా స్టేషనుకు వెళ్లే లోపు కజితానీ దారిలో ఎన్నిసార్లు ఆగి సంచి తెరిచి చూసుకున్నాడో! రైల్లో ఆ పొడుగాటి గుడ్డ సంచిని మోకాళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులూ వేసి బిగుసుకుని కూర్చున్నాడు. పక్క సీటు ముసలాయన పలకరించాడు.

"చేపలు పట్టడానికా? ఏం పడుతున్నాయి ఇప్పుడు?"

"ఆ... అవునండీ, ఏవో..." అన్నాడు కజితానీ. రెండు స్టేషన్లు గడిచాయి. అబద్ధం లోపల గుచ్చుకుంటోంది. రేపు ఎవరైనా విచారిస్తే ఈయన సాక్ష్యం చెబుతాడేమో అని కూడా ఆలోచన వచ్చిందట! చివరికి ఆగలేక, "క్షమించండి, ఇది గాలం కాదు. ఖడ్గం. కాగితం ఉంది, చూపించమంటారా?" అన్నాడు.

ముసలాయన, "అబ్బే, ఎందుకులెండి" అని లేచి అవతలి పెట్టెలోకి వెళ్లిపోయాడు. ఇకుయో ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ వారంలోనే భర్తను పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరు అతన్ని నడిపించాడు, చేతులు చాపించాడు, కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు గీయమన్నాడు. తర్వాత ఇంకేవో పరీక్షలు. ఫలితం వచ్చేదాకా అతను షాపు తెరవలేదు. నేను వెళ్లి కూర్చునేవాణ్ని. ఈసారి వాతావరణం గురించి మాట్లాడలేదు. అతను మధ్యమధ్యలో, "గంజి తాగేటప్పుడు మామయ్య గడ్డం మీదంతా కారేది" అని అదే మాట చెప్పేవాడు.

అది మేనమామ జబ్బు కాదు. ఊరికే ఉన్నప్పుడు లేకుండా, పని చేసేటప్పుడు వచ్చే వణుకు చాలామందికి వస్తుందని, ప్రాణానికేం కాదని డాక్టరు చెప్పాడు. మందుతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఏళ్లు గడిచేకొద్దీ పెరగనూ వచ్చు. "కత్తి పని మానేయండి" అని కూడా అన్నాడు. బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదన్నాడు. ప్రాణం దక్కింది, పనిలో సగం పోయింది.

ఆ సాయంత్రమే ముకాయ్ కొట్టుకు వెళ్లి, చెవి ఎందుకు తెగిందో, ఇకమీదట గడ్డాలు ఇకుయోయే గీస్తుందని కూడా చెప్పాడు. ముకాయ్ చేతిలో చేపతో సహా ఆగిపోయాడు.

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదయ్యా! నేను కదిలానేమో, నాదే తప్పేమోనని అనుకుంటున్నా ఇన్నాళ్లూ. రెండో చెవి నీ పెళ్లానికిస్తాలే, జాగ్రత్తగా చూసుకోమను."

కానీ ఇకుయో కుర్చీలో మొదట కూర్చున్నది నేను. నా భార్య నన్ను తోసింది. నాకు భయం లేదని చెప్పను. తువ్వాలు తీశాక నురగ రాసి కత్తి ఎత్తుతుంటే, అద్దంలో మూలన కజితానీ కనిపించాడు. గోడకు ఆనుకుని, పెదాలు బిగించి, తనే కుర్చీలో ఉన్నట్టు నిలబడ్డాడు.

"ఏమండీ, మీరు అలా ఊపిరి బిగబడితే నాకు చెయ్యాడదు. వెళ్లి పాలు తెండి" అంది ఇకుయో.

"పాలున్నాయి కదా."

"ఇంకో ప్యాకెట్ తెండి."

అతను వెళ్లాడు. అద్దాల తలుపు బయటే నిలబడి లోపలికి చూశాడు. ఆమె చెయ్యి అతని చెయ్యి కాదు, కొంచెం బరువు. కత్తి నడుస్తున్నట్టు తెలుస్తుంది. కునుకు పట్టలేదు. కానీ ఎక్కడా గాటు పడలేదు, గడ్డం కింద మడతలో కూడా వెంట్రుక మిగల్లేదు. లేచి చెంపలు తడుముకుని బాగుందన్నాను. మర్యాద కోసం అనలేదు.

దూరం ఊళ్ల కస్టమర్లు కొందరు మానేశారు. ఆడమనిషి చేత గడ్డమా అని స్టేషను దగ్గర షాపుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. కొందరు తిరిగొచ్చారు. జుట్టు కత్తిరించడం ఇప్పటికీ కజితానీయే చేస్తాడు, మందు వేసుకుని, ఎక్కువగా మెషీనుతో. చేతి వణుకు మరీ ఎక్కువగా ఉన్న రోజున, "ఇవాళ బాగోలేదు, రేపు రండి" అని చెప్పేస్తాడు. సొరుగు వెతకడం మానేశాడు.

బెంగలు మాత్రం పోలేదు. కొత్తవి వచ్చి చేరాయి. వానాకాలంలో ఖడ్గానికి తేమ తగులుతుందేమోనని, భూకంపం వస్తే అది ఉన్న సొరుగు జారి పడుతుందేమోనని, తమ తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారోనని. ఇకుయోకి ఈ మధ్య ఇంకో పిచ్చి పట్టిందని అతని ఫిర్యాదు. నంబాతో ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుతోందట. ఒరకు పట్టిన పాత లక్క గురించి ఏదో అడుగుతోందట. "ఖడ్గం నాదా, నీదా?" అంటే, "ముట్టుకునేది ఎవరు?" అంటోందట.

మొన్న చలికాలంలో మమ్మల్ని ఖడ్గం చూడ్డానికి పిలిచారు. ఇకుయో దాన్ని లాగి దిండు మీద ఆనించింది. కజితానీ నా పక్కన కూర్చుని, తల ఎటు వంచాలో, ఎక్కడ చూడాలో వేలితో చూపించాడు. ఆ వేలు వణుకుతూనే ఉంది. నాకు మొదట నా ముఖమే కనిపించింది. కొంచెం వంగితే అంచు వెంట తెల్లగా ఏదో కనిపించింది. అది అతను చూసిన మంచు తెరో కాదో నేను చెప్పలేను. మాట్లాడకూడదన్నారు కదా, తల మాత్రం ఊపాను.